జొన్న మొవ్వు ఈగయు, దాని జ్ఞాతులును

జొన్న మొలిచి మూడు వారములు గాకమునుపే నడిమి యాకు వాడి, పసుపువన్నెకు తిరిగి, వ్రేళ్లతో పట్టి లాగినంతనే ఊడి వచ్చుట మన రైతు సోదరులందఱు నెఱిగినదే. ఊడిన యాకు మొదలు క్రుళ్లి దుర్వాసన గొట్టును. దీనినే మొవ్వు చచ్చుట యందుము. చేసినది మొవ్వు ఈగ. ఇంతవఱకు వివాదము లేదు. ఆ యీగ యెచ్చటనుండి వచ్చినదను చోటనే వివాదమెల్ల పుట్టుచున్నది.

చేవెళ్ల, శంకరపల్లి, సదాశివపేట వైపు గ్రామములకు పోయినపుడెల్ల నాకు వినవచ్చు ఫిర్యాదు లిట్టివి. "ప్రక్క చేనిలో సజ్జ వేసినారు, అందులో పుట్టిన యీగయే నా జొన్నమీద పడినది" అని యొకరు. "గట్టుమీది ఊదగడ్డి కోయించుమని యెన్నిమాఱులు చెప్పినను వినడు, ఈగల కదియే పుట్టినిల్లు" అని మఱియొకరు. ఒక గ్రామమున నీ మాట ముదిరి, ఇరుగు పొరుగు చేలవారు సంఘపు మహాసభలో ప్రక్కప్రక్కన కూర్చుండుట మానుకొనువఱకు వచ్చినది. నిజమునకు ఆ సజ్జ రైతు వలన జొన్న రైతునకు కలిగిన నష్టము లేదనియే చెప్పవలెను. ఆ సంగతి తేల్చునది పెద్దమనుష్యుల తీర్పు కాదు, మగ యీగ కడుపు కొన.

ఎండుచేపల పొడిని నీటితో తడిపి, మూతకు రంధ్రములు గల డబ్బాలో పెట్టి చేనిలో నుంచినచో ఈ జాతి యీగలు గుంపులుగా వచ్చి పడును. ఇది శాస్త్రజ్ఞులు ఉపయోగించు ఎరయే. కాని కొందఱు రైతులు దీనిని చూచి, డబ్బాలోని యీగలను లెక్కించి, "నూఱు పడినవి, రెండు నూఱులు పడినవి" అని కలవరపడి, ఆ సాయంకాలమే మందుల దుకాణమునకు పరుగెత్తుచున్నారు. చేపల వాసనకు జొన్న యీగ యొక్కటియే రాదు. దాని జ్ఞాతులందఱును వత్తురు. ఆ డబ్బాలో జొన్నకు హాని చేయునవి ఎన్నియో తెలియక మందు కొనుట, ఊరిలో ఎవరో అప్పుపడినారని విని తాను వడ్డీ కట్టుట వంటిది.

మనము మొవ్వు ఈగ యని యొక్క పేరున పిలుచునది శాస్త్రజ్ఞుల లెక్కలో పెద్ద వంశము. దాని యింటిపేరు అథెరిగోనా. ఇంటిపేరు తరువాత ఒక్కొక్కదానికి వేఱువేఱు పేరు కలదు. జొన్న మొవ్వును చంపునది అథెరిగోనా సోక్కాటా. సజ్జను ముఖ్యముగా పట్టునది అప్రాక్సిమాటా. సామ, వరిగ వంటి చిఱుధాన్యముల మొవ్వును తినునది పుల్లా. ఊదను, ఊదగడ్డిని ఆశ్రయించునది ఫాల్కాటా. వరిలో కనబడునది ఒరైజే. ఒరియంటాలిస్ అను మఱియొకటి క్రుళ్లిన పండ్లలోను, పెంటలోను పెరుగును. ఒకదాని తిండిని మఱియొకటి ఎన్నడును ముట్టదని నే ననను. ఆకలి వేళ పొరుగింటి కంచములో చేయి పెట్టునవి కొన్ని యుండవచ్చును. కాని ఒక చేను చేనంతయు పాడగుట ఆ పైరును నమ్ముకొన్న యీగ వలననే జరుగును. జొన్నకు సోక్కాటాయే శత్రువు.

ఇక వీనిని వేఱుపఱచు టెట్లు? మొదట ఇంటి యీగను తీసివేయుడు. ఇంటి యీగ వీపుమీద నిలువుగా నాలుగు నల్లని చారలుండును. మొవ్వు ఈగ దానికంటె చిన్నది, పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు. వీపు బూడిదవన్నె, కడుపు లేత పసుపు, కడుపుమీద జంటలు జంటలుగా ముదురు మచ్చలు. పదిరెట్లు పెద్దదిగా చూపు చేతి భూతద్దముతో ఇంతవఱకు ఏ రైతయినను చూడగలడు. దీనితో వంశము తెలియును. వంశములో ఏ యీగయో తెలియదు. కడుపుమీది మచ్చలను బట్టి చెప్పవచ్చునని తోచును గాని, ఒకే జాతిలో మచ్చలు ఒకదానికి దట్టముగను మఱియొకదానికి పలుచగను ఉండును. ఆడ మగలకును భేదము కలదు. మచ్చలను నమ్మి తీర్పు చెప్పరాదు.

తీర్పు మగ యీగ కడుపు కొనలో నున్నది. అచ్చట పైవైపున చిన్న బుడిపె యొకటి కలదు. అది కొన్ని జాతులలో ఒంటిగను, కొన్నింటిలో రెండుగా చీలియు, కొన్నింటిలో మూడు మొటిమలుగను ఉండును. దానికి వెనుక సన్నని కాడమీద మూడు రేకులు గల అవయవము కలదు. దానిని చూచినవారికి మారేడు దళము జ్ఞాపకము వచ్చును. నడిమి రేకు సన్ననిదా వెడల్పైనదా, కొన చీలినదా గుండ్రనిదా, ప్రక్క రేకులు ఎటు వంగినవి, ఇవియే గుర్తులు. రంగు మాఱినను ఈ రూపము మాఱదు. చూచు పద్ధతి యిది: చచ్చిన యీగ కడుపు కొనను సూదితో వేఱుచేసి, పలుచని కాస్టిక్ పొటాష్ నీటిలో కొంచెము కాచుదురు. కండ కరగిపోయి గట్టి పెంకు మాత్రము మిగులును. దానిని గ్లిసరిన్ బొట్టులో నుంచి సూక్ష్మదర్శినిలో చూచి, పుస్తకములోని పటముతో పోల్చుదురు. నేర్పరికి పెద్ద పని కాదు. చేతి భూతద్దముతో మాత్రము సాధ్యము కాదు.

జననాంగములనే యేల చూడవలెనని మీరడుగవచ్చును. 1844లో ఫ్రాన్సు దేశీయుడగు లియాన్ డ్యూఫూర్ అను పండితుడు, మగ పురుగు అవయవము చెవియనియు, ఆడదాని యవయవము తాళమనియు, ఒక జాతి చెవి మఱియొక జాతి తాళమునకు పట్టదనియు వ్రాసెను. తరువాతివారు ఈ మాటను పూర్తిగా ఒప్పుకొనలేదు. ఆడది మగవానిని ఎంచుకొనుటలో ఈ రూపములు త్వరత్వరగా మాఱుచు వచ్చినవని పలువు రిప్పుడు తలంచుచున్నారు. కారణ మేదైనను ఫలమొక్కటే: పైకి అన్నదమ్ములవలె నున్న జాతులు ఇచ్చట విడిపడును. మగ్గిన అరటిపండ్లమీద ముసరు చిన్న యీగలలోను ఇట్లే జరిగినది. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అను ఒక్క జాతియే యని యందఱు తలంచుచుండగా, 1919లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్టర్టెవాంట్ అందులో సిమ్యులాన్స్ అను మఱియొక జాతి కలసియున్నదని చూపెను. ఆడ యీగలలో భేదము కనుగొనుట మిక్కిలి కష్టము. మగవాని కడుపు కొననున్న పలుచని రేకు ఆకారమే నమ్మదగిన గుర్తు.

జొన్న యీగ విషయమున మన హైదరాబాదుకు ప్రత్యేక స్థానము కలదు. పాత పుస్తకములలో మన దేశపు జొన్న యీగను కొందఱు ఇండికా యనియు, కొందఱు వేరియా యనియు వ్రాసియున్నారు. ఒకే యీగకు ఇన్ని పేరులుండగా ఒక పరిశోధకుడు వ్రాసినది మఱియొకనికి పనికివచ్చు టెట్లు? 1971లో ఈ యీగను గూర్చియే హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరిగినది. దాని ఉపన్యాసముల సంపుటము 1972లో ఢిల్లీలో అచ్చయినది. అందు బ్రిటిష్ మ్యూజియమునకు చెందిన పాంట్ పండితుడు మన ప్రాచ్య దేశములలో పైరులకు సంబంధించిన అథెరిగోనా జాతులను విడదీసి వివరించెను. ఆ 1972లోనే పటాన్‌చెరువున ఇక్రిశాట్ సంస్థ వెలసినది. ఎఱ్ఱ చెలక, నల్ల రేగడి రెండును ఒకే ఆవరణలో నుండుట ఆ చోటికి గల సౌకర్యము. అచ్చట పనిచేసిన శేషురెడ్డి, డేవిస్ అనువారు 1977లో ఆంధ్రప్రదేశములోని అథెరిగోనా జాతులను గూర్చి పత్రము ప్రకటించిరి. పటాన్‌చెరువునకు ఆగ్నేయముగా మాదాపురములో సైబర్ టవర్స్ తెఱచినది 1998లో. అనగా నేడు హైటెక్ సిటీ యనబడు ప్రాంతమున అద్దాల మేడలు లేచుటకు ఇరువది యేండ్ల మునుపే, ఆ చుట్టుప్రక్కల జొన్నచేల యీగలకు పేరులు కుదిరినవి.

ఈ పనిలో ఒక చిక్కు కలదు. గుర్తు మగ యీగలో నున్నది. చేపల పొడికి వచ్చునవి చాలవఱకు ఆడ యీగలు. ఆడదానికిని గుడ్లు పెట్టు గొట్టములో చిన్న పలకలు కలవు గాని, వానిని పోల్చుట మఱింత కష్టము. అందుచేత శాస్త్రజ్ఞులు డబ్బాను మాత్రమే నమ్మక, చచ్చిన మొవ్వులను తెచ్చి, వానిలోని పురుగులను పెంచి, పుట్టిన మగ యీగలను చూచుచుందురు. ఇది రైతులును చేయదగినదే. అప్పుడే వాడిన మొవ్వులను మొక్కతో కూడ పెరికి, అడుగున తడియిసుక గల గాజు సీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి నీడలో పెట్టుడు. రెండు వారముల లోపల ఈగలు వెలువడును. పూర్తిగా క్రుళ్లిన మొవ్వులను తీసికొనకుడు. క్రుళ్లును తిన వచ్చిన పరాయి యీగలు అందు చేఱియుండును. ఈగకు మాఱుగా చిన్న కందిరీగ వంటిది వెలువడినచో సంతోషింపుడు. అది ఈగ పురుగును లోపలనే తినిన మిత్రుడు.

సీసాలో పెట్టుటకు ముందు మొవ్వు చీల్చి చూచుటయు మంచిదే. కాళ్లు లేని తెల్లని సన్న పురుగున్నచో అది ఈగ బిడ్డ. కాళ్లును, గోధుమవన్నె తలయు గల పురుగున్నచో అది కాండము తొలుచు పురుగు. దాని తల్లి రెక్కల పురుగు. దానికి చికిత్స వేఱు, కాలమును వేఱు. ఈగ సాధారణముగా మొలిచిన వారము మొదలు నెల దినముల లోపలి లేత పైరునే పట్టును.

మాదాపురములో కంప్యూటరు కొలువు చేయు కుమారుడు గల రైతొకరు, చేతిఫోనుతో ఈగ ఛాయాచిత్రము తీసి పంపినచో పేరు చెప్పు సాధన మున్నదని నాతో ననెను. చూచితిని. ఇంటి యీగ యని వచ్చినది. ఆ సాధనమును నిందింప బనిలేదు. పైనుండి తీసిన చిత్రములో వీపు కనబడును గాని కడుపు కొన కనబడదు. చూపని దానిని ఎవరు చెప్పగలరు?

సరే, పేరు తెలిసినందున రైతునకు ఒరిగిన దేమి? సోక్కాటా జీవితచక్రము చూడుడు. ఆడ యీగ లేత జొన్న ఆకు అడుగువైపున, ఈనెకు సమానాంతరముగా, సన్నని తెల్లని గుడ్డును పెట్టును. ఒకటి రెండు దినములలో గుడ్డు పగిలి, పురుగు సుడిలోనికి ప్రాకి, లోనికి దిగి, మొవ్వు మొదలు కోయును. పదిదినములలోపల పెరిగి, గూడు కట్టి, మఱియొక వారమునకు ఈగయై వెలువడును. మొత్తము మూడు వారములు. ఇప్పుడు లెక్కింపుడు. తొలకరికి మొదటివాడు జొన్న విత్తెను. వేసవిలో పలుచబడిన యీగలు కొన్నియే వచ్చి, అతని చేనిలో కొద్దిపాటి మొవ్వులు చంపినవి. ఆ కొద్దిపాటి మొవ్వులలో పుట్టిన సంతతి మూడు నాలుగు వారములకు ఎగిరి వచ్చుసరికి, ఆలసించి విత్తిన రెండవవాని జొన్న సరిగా వారము పది దినముల మొలక. ఆ గుంపంతయు దానిమీద పడును. మన ప్రాంతమున జూలై మొదలు సెప్టెంబరు వఱకు ఈ యీగల సంఖ్య హెచ్చుగా నుండుటకు కారణ మిట్టిదే. కాబట్టి ఆలస్యపు జొన్నకు ఈగను పంపినది ముందరి జొన్న. సజ్జ కాదు. ఊదగడ్డియు కాదు. అడవి జొన్న, పిలకజొన్న గట్లమీద నున్నచో వానిని మాత్రము తప్పక పెరికించుడు. అవి జొన్న బంధువులే.

ఇందుచేతనే వ్యవసాయ శాఖవారు తొలకరి వానలు పడిన వారము పది దినములలోపల జొన్న విత్తుడని చెప్పుచుందురు. రబీలో ఇదే లెక్క తిరుగబడును. సెప్టెంబరు నడుమ తొందరపడి విత్తినచో ఈగల గుంపు ఇంకను పలుచబడియుండదు. నెలాఖరునుండి అక్టోబరులో విత్తినచో మేలు. ఒక్క రైతు సకాలమున విత్తినంత మాత్రమున ఊరి కంతటికి చాలదు. చేలన్నియు ఒకే వారములో మొలచినచో లేత మొలక దశయు ఒకే వారములో గడచిపోవును. తరువాతి తరపు ఈగకు గుడ్లు పెట్టుటకు లేత మొవ్వు చిక్కదు. ఇది ఒక్కరు చేయగల పని కాదు. విత్తనమును, అరకలను ఒకే తేదీకి సమకూర్చగల సంఘము చేయవలసిన పని. విత్తనపు బాకీ పత్రములు వ్రాయు దినమునకు వాన వచ్చి పక్షము గడచుచున్నచో, సంఘము తన చేతులతోనే ఈగకు మేత పెట్టుచున్నదని చెప్పుటకు నేను వెనుదీయను.

ఆలస్యము తప్పనిచో, విత్తనమునకు మందు పట్టించి విత్తుడు. మామూలుకంటె కొంత హెచ్చుగా విత్తి, ఒత్తు తీయునపుడు మొవ్వు చచ్చిన మొక్కలనే యేరి పెరికి, చేని బయట నాశనము చేయుడు. చేనిలోనే పాఱవేసినచో పురుగు అందే ఈగయగును. నూటికి పది మొక్కలలో మొవ్వు చచ్చినపుడే మందు చల్లుమాట తలపెట్టుడు. డబ్బాలోని లెక్కను బట్టి కాదు. రబీలో ప్రసిద్ధమగు మాల్దండి, అనగా ఎం 35-1 రకము, కొంతవఱకు ఈగను తట్టుకొనును. ఈగను తట్టుకొను జొన్నలలో లేత యాకులు నిగనిగలాడుచుండుటయు, ఆకు అడుగున సన్నని నూగు ఉండుటయు శాస్త్రజ్ఞులు గమనించినారు. నూగున్న చోట గుడ్లు పెట్టుట ఈగకు నచ్చదు.

మామిడి, జామ తోటలు, కూరగాయల పాదులు గలవారికి పండు ఈగ విషయమునను ఇదే చిక్కు కలదు. కాని అచ్చట గుర్తులు సులభము, కంటితోనే చూడవచ్చును. మామిడి, జామలకు వచ్చు బాక్ట్రోసెరా డోర్సాలిస్, జొనాటా, కరెక్టా అను మూడింటికి వీపుమీద ఇరుప్రక్కల రెండు పసుపు చారలుండును. కాకర, బీర, సొర, దోసలకు వచ్చు కుకుర్బిటే యీగకు ఆ రెండుగాక నడుమ మూడవ చార కలదు. మొదటి మూడింటిలో డోర్సాలిస్ రెక్క ముందంచున నల్లని గీత మొదలు చివర తెగక సాగును. మిగిలిన రెండింటికి ఆ గీత తెగి, రెక్క కొనలో మచ్చగా మిగులును. ఆ రెండింటిలో వీపు ఎఱ్ఱగోధుమగా నున్నది జొనాటా, నల్లగా నున్నది కరెక్టా. ఈ భేదము పనికిమాలినది కాదు. మిథైల్ యూజినాల్ ఎర పెట్టిన బుట్టకు రెండు చారల మగ యీగలు వచ్చును. మూడు చారల యీగ దానికి రాదు. దానికి క్యూ లూర్ అను వేఱొక ఎర కావలెను. కాకర పందిరి క్రింద మామిడి బుట్ట కట్టినవారిని నేను చూచితిని. ప్రక్క తోటనుండి వచ్చిన మామిడి యీగలతో బుట్ట నిండినది. కాకరలు మాత్రము ఎప్పటివలెనే పుచ్చినవి. రైతు బుట్ట నిండినదని సంతోషించుచునే యుండెను.

పండు ఈగల వలన దేశమునకు కలుగు చిక్కును 2014లో చూచితిమి. ఆ యేట మే నెలనుండి ఐరోపా సంఘము మన మామిడిని, కాకర, పొట్ల, వంకాయ, చేమలను రానీయక నిలిపివేసినది. మామిడిపై నిషేధము 2015 ఆరంభమున తొలగినది. శాస్త్రజ్ఞులును ఈ యీగల విషయమున చాలకాలము తికమకపడిరి. 2003లో కెన్యాలో పట్టుబడిన ఈగ క్రొత్త జాతి యని తలంచి, 2005లో దానికి ఇన్వాడెన్స్ అని పేరు పెట్టిరి. తూర్పు దేశములలో మగ యీగ అవయవపు పొడవును, ఆడదాని గొట్టపు పొడవును బట్టి పాపాయే అను జాతిని వేఱుచేసియుండిరి. ఊరినుండి ఊరికి కొలుచుచు పోగా ఆ పొడవులు మెల్లమెల్లగా మాఱుచున్నవేగాని, ఎచ్చటను తెగి రెండు కాలేదు. ఒకదానితో నొకటి జత కట్టి సంతానమును పొందుటయు కనుగొనిరి. 2015లో వీనినన్నింటిని మరల డోర్సాలిస్ లోనే కలిపివేసిరి. పొడవు కొలుచుట వేఱు, ఆకారము చూచుట వేఱు అని దీనివలన నాకు తోచుచున్నది. మొవ్వు ఈగ మూడు రేకుల విషయములో చూచునది ఆకారము.

ఈగలను పరీక్షకు పంపదలచినవారు కాగితములో చుట్టి పంపకుడు. కాళ్లును, కడుపు కొనలును విఱిగి పొడియగును. చిన్న గాజు సీసాలో స్పిరిటు పోసి అందు వేయుడు. చేపల డబ్బా యీగలు ఒక సీసాలోను, మొవ్వులనుండి పెంచినవి మఱియొక సీసాలోను ఉంచుడు. పెన్సిలుతో, సిరాతో కాదు, చీటిమీద గ్రామము పేరు, పైరు, విత్తిన తేదీ, ఈగలు దొరికిన తేదీ వ్రాసి సీసా లోపలనే వేయుడు. స్పిరిటులో సిరా కరగిపోవును. ఇరువది ముప్పది యీగలు చాలును. రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు కీటకశాస్త్ర విభాగమునకు గాని, మీ ప్రాంతపు వ్యవసాయాధికారికి గాని అందజేయవచ్చును. ఫలితము తెలియుటకు కొన్ని దినములు పట్టును గనుక, మొదటి మొవ్వు వాడిన నాడే సీసా సిద్ధము చేసికొనుడు.